పదిహేడో గుంత

పిన్నీసులు తీసెయ్యమంది ఫర్హత్ మేడం మొదటిరోజే.
చున్నీకి ఉన్నదొకటి, గాజులకు వేలాడేవి రెండు,
జడక్లిప్పు, ఇంటి తాళంచెవి
అన్నీ జీపులో టిఫిను డబ్బాలో వేసి
ఇనుము లేని మనిషినై
దూలపల్లి అడవిలోకి నడిచాను.

పలుగు వద్దు, పార వద్దు,
పెరుగన్నం తినే ప్లాస్టిక్ చెంచా చాలు.
ఇనుముతో ఇనుమును వెతికితే
మన చేతి అబద్ధమే లెక్కలోకి ఎక్కుతుందట.

టేకాకులు కాళ్ళకింద అప్పడాల్లా విరుగుతాయి.
వాటిని పక్కకు జరిపి, నేలను కాస్త గీకి
మీటరు తల మెల్లగా ఆనిస్తే
పిల్లకు జ్వరం చూస్తున్నంతసేపు నిశ్శబ్దం.
తర్వాత కీచుమని ఒక అంకె.
మేడం చదువుతుంది, నేను రాస్తాను:
పై పొర, నూట ఎనభై.
జానెడు లోతున, ఇరవై రెండు.

"ఆ ఇరవై రెండూ కింది బండది," అంటుంది,
"అది పుట్టుకతో తెచ్చుకున్న సొత్తు. తీసెయ్యి.
మిగిలింది గాలి మోసుకొచ్చింది."

చెట్లక్కూడా పెట్టి చూశాం.
జీడిమెట్ల వైపు తిరిగిన బెరడుకు ఒక అంకె,
వీపుకు అందులో సగం.
మోదుగ ఒక చెంపకే పౌడరు రాసుకుని నిలబడింది.

ఈ చదువు నాకు కొత్త కాదు.
షాపూర్‌నగర్ గల్లీలో
పగిలిన స్పీకరులోంచి పీకిన అయస్కాంతానికి
లంగాబొందు కట్టి ఈడ్చుకుంటూ తిరిగేవాళ్ళం.
నల్లటి మీసాలు మొలిచేవి దానికి.
ఎవరి మీసం పొడుగైతే వాళ్ళదే ఆట.
ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని;
నాన్న ఫౌండ్రీ చొక్కా నానబెట్టిన బకెట్టు ఉండేది నాకు,
అడుగున చేయిపెడితే గుప్పెడు.
ఆ నీళ్ళు మాత్రం మల్లెచెట్టుకు పొయ్యనిచ్చేది కాదు అమ్మ.

ల్యాబులో మైక్రోస్కోపు కింద
రాతి రజను మూలలు తేలి ఉంది, విరిగిన పలకలాగా.
దాని పక్కనే ఇవి
గుండ్రంగా, నున్నగా,
ఎవరో కూర్చుని ఒక్కోటీ అరచేతిలో చుట్టినట్టు.
"గుండ్రంగా ఉందంటే
ఒకసారి మంటలో కరిగి, గాలిలోనే చల్లారిందన్నమాట."
ఏ కంపెనీదో తెలుస్తుందా మేడం?
"పేరు రాసుకుని ఎగరదు కదా."

పదిహేడో గుంత మాత్రం మూడొందల పది చూపింది.
మూడుసార్లు చూశాం, అంతే.
పిన్నీసేమైనా మరిచావా అని నా భుజాలు తడిమింది మేడం.
మరవలేదు.

రాత్రి నాన్నకు చెప్పాను.
ఆ కొలిమి మూతపడి తొమ్మిదేళ్ళు,
దగ్గు ఒక్కటే ఇంకా డ్యూటీకి పోతోంది.
కోప్పడతాడనుకున్నా.
ఉన్న నాలుగు కంపెనీలూ మూయించండి అని
ఆర్నెల్లు పచ్చిపులుసుతో తిన్న రోజులు
తవ్వి పోస్తాడనుకున్నా.

"ఎంత సూపెట్టింది?" అన్నాడు.
మూడొందల పది.
ఆ జాగా ఏదో అడిగాడు. చెప్పాను.
గోడను చూస్తూ చాలాసేపు ఉన్నాడు.
"నైట్ షిఫ్టుల ఫిల్టరు బందు వెట్టేటోళ్ళం బిడ్డా.
కరెంటు బిల్లు ఎక్కువొస్తదని సేటు జెప్పేటోడు.
చీకట్ల పొగ ఎవలికి కనవడ్తది?
గాలి అటే కొట్టేది.
అడివే గదా అనుకున్నం."
ఆగి, మళ్ళీ తనే,
"మంచి కొలిమి అది," అన్నాడు.

నా నోటుబుక్కులో
గుంత నంబరు, లోతు, అంకె, చెట్టు పేరు.
ఈ మాటకు గడి లేదు.
మార్జిన్‌లో పెన్సిలుతో రాసి, చెరిపి,
చెరిపిన చోట వేలు పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే మళ్ళీ పిన్నీసులు డబ్బాలోకి.
పద్దెనిమిదో గుంత దగ్గర
మొదట మీటరును గాలిలోకి ఎత్తి
సున్నా చెయ్యమంది మేడం, రోజూ చెప్పినట్టే.
ఎత్తి పట్టుకున్నాను.
జీడిమెట్ల వైపు నుంచి గాలి మెల్లగా వస్తోంది.
సున్నా పడేదాకా
చెయ్యి దించకూడదు.